పెద్దోడికి అర టికెట్

మా ఇంట్లో కుక్కను కుక్క అనకూడదు. బిడ్డను బిడ్డ అనకూడదు. ఇది మా అమ్మ చేసిన చట్టం. తెల్లదొరల చట్టంలో వెతికితే ఎక్కడో ఒక సందు దొరికేది గానీ, మా అమ్మ చట్టంలో చీమ దూరే సందు కూడా ఉండేది కాదు.

సంగతేమిటంటే, మాకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఒకరు పురిటిలోనే, ఇంకొకరు పాకే వయసులో. మూడోసారి నా భార్య నొప్పులు పడుతుంటే మా అమ్మ వాకిట్లో కూర్చుని ఆలోచించింది. చావుకు మా ఇంటి గుర్తు తెలిసిపోయింది. ఇంట్లో బిడ్డ ఎక్కడ పడుకుంటుందో కూడా తెలిసిపోయింది. కాబట్టి గుర్తులు మార్చాలి. ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసీ కోయగానే దాన్ని చాటలో పెట్టుకుని పోయి, మా కుక్క పడుకునే గోనెపట్ట మీద దించింది. కుక్కను లోపలికి పిలిచి నా భార్య మంచం పక్కన కూర్చోబెట్టింది.

"ఇదిగోమ్మే, నీ కొడుకు" అంది, వీధికి వినబడేటట్టు.

తర్వాత కుక్క ముందు గుప్పెడు తవుడు పోసి, "నీ కూతుర్ని మేము సాక్కుంటాం, సమ్మతమేనా?" అని అడిగింది. కుక్క తవుడు నాకింది. సమ్మతమే అన్నమాట.

ఆనాటి నుంచి బిడ్డ పేరు కుక్క. కుక్క పేరు పెద్దోడు. బిడ్డను పెంటకుప్ప మీద వేసి తెచ్చుకోవడం, తవుడుకు కొనుక్కోవడం, మొరటు పేరు పెట్టడం మా చిత్తూరు వైపు కొత్త కాదు. మా వీధిలోనే తవుడుకు అమ్ముడుపోయినవాళ్ళు ఇంటికొకరు ఉండేవారు. కానీ కుక్కకు కొడుకు పదవి ఇచ్చిన ఘనత మాత్రం మా అమ్మదే. తిరుపతి కొండకు పోయి బిడ్డ పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా ఈ ఏర్పాటు నడవాలి. ఏడాది నిండినాకే ఇస్తామని మొక్కు. అప్పటిదాకా అన్నం ముద్ద ముందు పెద్దోడికి, ఆ తర్వాతే నాకు. నేను నాలుగో తరగతిలో బడి మానేసినప్పుడు 'నీకంటే కుక్క నయం' అని మా అయ్యవారు తిట్టారు. ఆయన నోటి మాట ఇంత కచ్చితంగా ఫలిస్తుందని అప్పుడు తెలియలేదు.

పిల్లకు ఏడో నెల నడుస్తుండగా హుబ్లీ నుంచి కబురు వచ్చింది. నా బామ్మరిది అక్కడ రైలు కార్ఖానాలో పని చేసేవాడు. మా అత్తమామలు కూడా అక్కడే ఉండేవారు. నా భార్య చెల్లెలికి పెండ్లి కుదిరిందనీ, అక్క తప్పకుండా రావాలనీ, కార్ఖానా నుంచి సెలవు మీద వచ్చిన మనిషి ఒకడు చెప్పిపోయాడు.

నా భార్య ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు తెలుసు ఎందుకో. ఇద్దరు బిడ్డలు పోయినాక ఆమె ఒకసారి తప్ప ఏ పెండ్లికీ పోలేదు. ఆ ఒక్కసారి పోయినప్పుడు, పసుపు కొట్టే రోట్లో మొదటి పోటు వేయడానికి "పిల్లతల్లులు రాండమ్మా" అని పిలిచారు. ఆమెను వద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆమె తనంతట తానే వంటింట్లోకి పోయి, పెండ్లి అయిపోయేదాకా చింతపండు పిసుకుతూ కూర్చుంది. ఇంటికి వచ్చినాక రెండు రోజులు చేతుల పులుపు పోలేదు.

సాయంత్రం దీపం పెట్టేటప్పుడు అంది, "ఈసారి పోతానయ్యా. సంకన బిడ్..." అని నాలుక కరుచుకుని, "సంకన కుక్కను పెట్టుకుని పోతా."

"పోదాం" అన్నాను. "పెద్దోడు అమ్మ దగ్గర ఉంటాడు."

మా అమ్మ తల ఎత్తింది. "ఇంటి కొడుకును ఈడ పెట్టేసి, కుక్కను సంకనేసుకుని ఊరికి పోతారా? ఎవురన్నా అట్లా పోతారా? సూసేవాళ్ళకు తెలిసిపోదా, ఏది కుక్కో ఏది బిడ్డో?"

"సూసేవాళ్ళు ఎవరమ్మా?"

"నీ యబ్బ. యముడు."

నా భార్య నా వైపు తిరిగి అంది, "అత్త చెప్పింది నిజమే. పెద్దోడు రాకుంటే నేను రాను."

అదీ మా ప్రయాణానికి పునాది. హుబ్లీ అంటే ఏమైనా పక్క సందా? చిత్తూరులో ఎక్కి పాకాలలో దిగి, ఇంకో రైలెక్కి ధర్మవరం, ధర్మవరంలో మారి గుంతకల్లు, గుంతకల్లులో మళ్ళీ మారి హుబ్లీ. యుద్ధం ఇంకా ముగియలేదు. రైళ్ళ నిండా సిపాయిలు. కిటికీలోంచి మనుషులను మూటల్లాగా లోపలికి తోసేవారు. పాకాల దాకా బస్సులో పోదామా అంటే, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచే రోజులవి. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులే దిగి తోయాలి. ఆ బస్సు కండక్టరును అడిగితే, "కుక్క దిగి తోస్తాదంటే ఎక్కించుకుంటా" అన్నాడు. నాకంటే మాటకారి దొరికితే నేను అక్కడ నిలబడను. వచ్చేశాను.

మర్నాడు స్టేషనుకు పోయి కనుక్కున్నాను. మూడేండ్ల లోపు బిడ్డకు టికెట్ లేదు. కుక్కకు ఉంది. అది కూడా మనతో పాటు పెట్టెలో కూర్చోకూడదు. వెనక గార్డు ఉండే బండిలో కుక్కల కోసం ఒక బోను ఉంటుంది. అందులో వేసి తలుపు బిగిస్తారు. నేను ఆ బోను చూశాను కూడా. లోపల చీకటి. కోడిపెట్టను వేస్తే గుడ్డు పెట్టడం మరిచిపోయేంత చీకటి.

ఇంటికి వచ్చి చెప్పాను. నా భార్య ఏడవలేదు. మూట కట్టడానికి తీసిన చీరలు మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టుకుంది. ఏడ్చి ఉంటే నేను ఏదో ఒక హాస్యం ఆడేవాణ్ణి. చీరలు మడిచే మనిషి దగ్గర ఏం హాస్యం ఆడతాం?

అమ్మ మాత్రం బొరుగులు నములుతూ కూర్చుంది. కాసేపటికి అడిగింది, "బోనులో ఎవుర్ని ఏస్తారంట?"

"కుక్కల్ని."

"మనోడు కుక్క కాదు గదా."

"అమ్మా, ఆ మాట నాకు చెప్పితే సరే. రైలుకు ఎవరు చెప్పాల?"

"నువ్వే సెప్పు. నోరు లేదా? ఊరందరికీ కతలు సెప్తావు."

నేను బజారులో ఒక గుడ్డల అంగడి అరుగు మీద మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాణ్ణి. ఊరందరికీ కథలు చెప్పేది అక్కడే. నా లెక్క ఏమిటంటే, టికెట్ కుక్క పేరు మీదే కొని, గార్డును బతిమాలి, బోనులో వేయకుండా చూసుకోవడం. ఈ మాట అమ్మకు చెప్పలేదు. నా భార్యకు మాత్రం, "బోను లేకుండా తీసకపోతా. నాది పూచీ" అని చెప్పాను. ఆమె నా ముఖం చూసి, నేను నవ్వడం లేదని నిర్ధారించుకుని, చీరలు మళ్ళీ బయటికి తీసింది.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి. పెండ్లికి పోయేటప్పుడు ఇంటి పెద్దకొడుక్కి కొత్త చొక్కా లేకపోతే ఎట్లా? గుడ్డకు కంట్రోలు వచ్చి మనుషులకే కోరాగుడ్డ దొరకని రోజులవి. నేను అరుగు కింద మూటలోంచి గుడ్డ తుంటలు ఏరుకున్నాను. ఒక వకీలు గారి కోటుకు మిగిలిన లోపలిగుడ్డ వీపుకు, ఒక జవాను నిక్కరు తాలూకు ఖాకీ ముక్కలు చేతులకు. నాలుగు కాళ్ళవాడికి చొక్కా కుట్టడం ఎవరూ నేర్పరు. కొలత తీస్తుంటే టేపు నమిలాడు. అయినా, ఇన్నేళ్ళలో చంకల దగ్గర పట్టేసిందని నన్ను తిట్టని గిరాకీ వాడొక్కడే. మిగిలిన పేలికలన్నీ పిల్లకు పక్కగుడ్డలైనాయి. వకీళ్ళ కోటుగుడ్డ మీద ఉచ్చ పోసే భాగ్యం అందరికీ రాదు.

రైలులో సామాను పెట్టే పలకకు చీర కట్టి ఊయల వేయాలని నా భార్య, కిటికీ పక్కన వేస్తే బొగ్గునుసి కంట్లో పడుతుందని అమ్మ. పులిహోర, మురుకులు, వేయించిన చెనక్కాయలు, మరచెంబులో నీళ్ళు. పెద్దోడికి సంగటి ముద్దలు ఎండబెట్టింది అమ్మ. అవి ఎంత గట్టిగా ఉన్నాయంటే, సిపాయిలు చూస్తే యుద్ధానికి పట్టుకుపోయేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద పని పెద్దోడికి రైలు అలవాటు చేయడం. మంచమే రైలుపెట్టె అనుకోమన్నాను. నా భార్య పిల్లతో మంచం మీద కూర్చుంది. పెద్దోడు మంచం కింద. నేను మంచంకోళ్ళు పట్టుకుని ఊపుతూ కూత వేశాను. నేను కూత వేయగానే మంచం కింద నుంచి వాడూ ఎత్తుకున్నాడు. వాడి రాగానికి పిల్ల కిలకిలా నవ్వింది. పక్కింటి ఆమె గోడమీదుగా తల పెట్టి, "ఏందప్పా అది, ఎవురికన్నా గాలి సోకిందా?" అని అడిగింది.

"ధర్మవరం వచ్చిందక్కా. దిగుతావా?" అన్నాను.

రోజూ సాయంత్రం ఇదే పని. కూత వేసినప్పుడల్లా పెద్దోడి నోట్లో సంగటి ముద్ద పెడితే ఊరుకుంటాడని కనిపెట్టింది నా భార్యే. నోరు నిండితే ఏ కొడుకైనా మాట్లాడడు అంది. అది నన్ను గురించి అన్నదని తర్వాత తెలిసింది.

బయలుదేరే రోజు అమ్మ మమ్మల్ని సాగనంపడానికి స్టేషనుకు వచ్చింది. నా భార్య పిల్లతో, పెద్దోడితో, మూటలతో బయట వేపచెట్టు కింద కూర్చుంది. నేను టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాను. అమ్మ నా వెనకనే నిలబడింది. కిటికీ సందు ఎంత ఉందంటే, లోపలి గుమాస్తాకు నా ముక్కు, నాకు ఆయన మీసం తప్ప ఏమీ కనబడవు. వెనక జనం తోస్తున్నారు.

"హుబ్లీకయ్యా" అన్నాను.

"ఎంతమందప్పా?"

ఏడు నెలలుగా ఇంట్లో వాడుతున్న మాట. నాలుక దాని దారిలో అది పోయింది. "నేను, మా ఇంటామె, మా పెద్దోడు. ఒక కుక్క."

"పెద్దోనికి వయసెంత?"

వెనక అమ్మ దగ్గింది.

"నాలుగేండ్లు" అన్నాను. నిజమే కదా.

"అర టికెట్. కుక్క ఎంతది?"

"ఏడు నెల్లదయ్యా."

"కరస్తాదా?"

"ఇంకా పండ్లు రాలేదయ్యా. ఉత్త చిగుళ్ళు."

"సరే. బోనులో ఎయ్యాల."

"అయ్యా, అది తల్లి ఒళ్ళో తప్ప పండుకోదు."

"తల్లి గూడా వస్తా ఉండాదా? మరి రెండు కుక్కలని ముందే సెప్పద్దా?"

"లేదయ్యా, తల్లికి నిండు టికెట్ ఇస్తా ఉండారు గదా మీరు."

మీసం ఒకసారి పైకి లేచి దిగింది. కట్టుకున్నదాన్ని ఇంతమందిలో ఇంత మాటంటాడా అనుకుని ఉంటాడు. వెనకవాళ్ళు "త్వరగా కానీయప్పా" అని తోశారు. ఆయన టకటకా ముద్రలు కొట్టి టికెట్లు బయటికి తోసేశాడు. పక్కకు వచ్చి చూసుకుంటే, రెండు నిండు టికెట్లు, ఒక అర టికెట్, ఒక కుక్క టికెట్. అప్పుడు గానీ నేను ఏం మాట్లాడానో నాకు తెలియలేదు. కుక్క, మనిషిగా రైలెక్కబోతోంది. నా కూతురు బోనులో ప్రయాణం చేయడానికి కాగితం చేతికొచ్చింది.

"తిరిగిపోయి మార్పించుకొస్తా" అన్నాను.

"ఎందుకురా? సరిగ్గానే ఉండాయే" అంది అమ్మ.

రైలు వచ్చేసింది. కూత వినగానే నా భార్య పెద్దోడి నోట్లో ముద్ద పెట్టింది. చివరి పెట్టె దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు. తెల్ల నిక్కరు, తెల్ల కోటు, చేతిలో జెండాలు, నవ్వడం సెలవు రోజుల్లో మాత్రమే అన్నట్టు ముఖం. నేను అనుకున్నట్టే చేతులు కట్టుకుని బతిమాలడం మొదలుపెట్టాను. ఆయన వినలేదు. చేయి చాపాడు. టికెట్లన్నీ ఇచ్చాను. కుక్క టికెట్ పైకి తీశాడు.

"కుక్క ఏది?"

నేను నోరు తెరిచాను. అమ్మ నా వీపు మీద గిల్లింది. నిజం చెబితే పెద్దోడు బోనులోకి, నా భార్య ఇంటికి. అబద్ధం చెబితే ఏమవుతుందో నాకు తెలియదు. బతుకంతా మాటలతో నెట్టుకొచ్చినవాడికి మాట రాకపోవడం ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను.

నా భార్య ముందుకు వచ్చింది. పరాయి మగవాడితో మాట్లాడే మనిషి కాదు. పిల్లను రెండు చేతులతో పైకెత్తి ఆయనకు చూపించింది.

"ఇదేనయ్యా. ముందు రెండు నిలవలేదు. ఇది కుక్క."

గార్డు పిల్లను చూశాడు. కింద వకీలు కోటుగుడ్డ చొక్కా వేసుకుని ముద్ద నములుతున్న పెద్దోణ్ణి చూశాడు. అర టికెట్ చూశాడు. ఆయన వేలు తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది. ఎడమ పక్కన పూడిపోయిన రంధ్రం ఒకటి, మచ్చలాగా. ఆ రోజుల్లో అది చూస్తే ఎవరికైనా తెలిసేది. ముందు పుట్టినవాళ్ళు నిలవకపోతే మగబిడ్డకు కూడా ముక్కు కుట్టించి ఆడపిల్ల అనిపించేవారు. మా వీధిలోనే అట్లాంటి ముక్కులు ఒకటో రెండో ఉండేవి. కానీ కోటూ టోపీ ఉన్న ముక్కుకు కూడా రంధ్రం ఉంటుందని నేను అనుకోలేదు.

"పదేండ్లు వచ్చేదాకా నాకు జడేసింది మా యమ్మ" అన్నాడు గార్డు, ఎవరితోనో చెబుతున్నట్టు. మళ్ళీ ముఖం బిగించుకుని, "అర టికెట్ ఉండేవాణ్ణి బోనులో ఎయ్యను. చట్టం ఒప్పదు. కుక్కను ఎయ్యాల. కానీ నా బోనుకు గొళ్ళెం సరిగా లేదు. కాబట్టి కుక్క తల్లి ఒళ్ళోనే ఉండనీ. అరిసిందంటే దించేస్తా" అన్నాడు.

"ఎవరయ్యా, పెద్దోడా, కుక్కా?" అన్నాను. నోరు మళ్ళీ దొరికింది.

"నువ్వు" అన్నాడు గార్డు.

ఆయన పెట్టెకు ఆనుకుని ఉన్న పెట్టెలోనే మమ్మల్ని ఎక్కించాడు. పెద్దోడు బల్ల కింద దూరాడు. పాకాలలో దిగినప్పుడు ఆయనే వచ్చి, ధర్మవరం బండి గార్డు చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ధర్మవరంలో ఇంకొకాయనకు చెప్పాడు. మా కుక్క సంగతి ఆ దారిలో మాకంటే ముందు పోయినట్టుంది. గుంతకల్లులో టికెట్లు చూసేవాడు మాత్రం, "అర టికెట్ ఎవరికి?" అని పట్టుకున్నాడు. "బల్ల కింద నిద్రపోతా ఉండాడయ్యా" అన్నాను. అప్పుడే ఇంజను కూసింది. నా భార్య చేతిలో ముద్ద అయిపోయింది. బల్ల కింద నుంచి రాగం లేచింది.

టికెట్లు చూసేవాడు అదిరిపడ్డాడు. "ఏమైంది పిల్లోడికి?"

"కూచిపూడి ఆడే మేళంలో పాడతానంటాడయ్యా. గొంతు రాదంటే వినడు."

పెట్టెలో సిపాయిలు విరగబడి నవ్వారు. ఆయనకు వంగి చూసే చోటు కూడా లేదు. వెళ్ళిపోయాడు.

హుబ్లీ చేరిన మర్నాడే పసుపు కొట్టడం. మా అత్తగారింటి ముందు పందిరి, రోలు చుట్టూ పసుపు చీరలు. నేను పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్నాను. మా అత్తగారి అక్క, పెద్ద గొంతు మనిషి, రోటి దగ్గర నిలబడి కేక వేసింది.

"పిల్లతల్లులు రాండమ్మా, మొదటి పోటు వెయ్యాల!"

నా భార్య లేచింది. రెండడుగులు వేసి ఆగింది. పిల్లను సంకనేసుకుని పోతే, ఇది నా బిడ్డ అని పదిమందిలో చాటినట్టు. ఏడు నెలలు అమ్మ కాపాడిన గుట్టు రోటి దగ్గర పోయినట్టు. పోకపోతే మళ్ళీ వంటింట్లో చింతపండు. ఆమె వంటింటి గడప వైపు చూడటం నేను చూశాను.

తర్వాత నా దగ్గరికి వచ్చి పిల్లను నా ఒళ్ళో వేసింది. పుట్టినప్పటి నుంచి దాన్ని మా అమ్మ చేతికి తప్ప ఎవరికీ ఇచ్చింది లేదు, నా చేతికి కూడా. ఇచ్చేసి వెనక్కి తిరిగి, "రారా పెద్దోడా" అని పిలిచింది.

చొక్కా వేసుకున్న పెద్దోడు తోక ఊపుకుంటూ లేచాడు. ఆమె వెంట నడిచాడు. రోటి దగ్గర ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. పెద్ద గొంతు మనిషి వంగి వాణ్ణి చూసి, "ఇదేందమ్మే?" అంది.

"నా పెద్దోడు పెద్దమ్మా" అంది నా భార్య.

ఆ పెద్దామె కళ్ళు నా ఒళ్ళోని పిల్ల మీదికి వచ్చి, మళ్ళీ పెద్దోడి మీదికి పోయాయి. ఎంతమంది బిడ్డల్ని పెంటమీద నుంచి ఎత్తిన మనిషో. రోకలి తీసి నా భార్య చేతిలో పెట్టింది. పెద్దోడి నుదుటన కూడా చిటికెడు పసుపు రాసింది. "పిల్లతల్లి, గట్టిగా ఏయ్" అంది.

రోకలి పడింది. నేను చూడాలనుకున్నాను గానీ, ఆ పొగరుబోతు కుక్క నా ఒళ్ళో ఊరుకోలేదు. తల్లి పక్కన లేదని మూతి ముడిచి, నా చూపుడువేలు లాక్కుని నోట్లో పెట్టుకుని కసిగా నమిలింది. చురుక్కుమంది. వేలు తీసి, పెదవి పక్కకు లాగి చూశాను. కింద చిగుళ్ళలో బియ్యపుగింజ మొనంత తెల్లగా ఒకటి.

చిత్తూరు గుమాస్తాకు నేను అబద్ధం చెప్పినట్టే అయింది. అది కరుస్తుంది.